మన చెరువు, గుర్రపుడెక్క, మన బడి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1985 పదో తరగతి. నీటిపారుదల ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. "అన్నా, పిల్లలకు కెరీర్ గైడెన్స్ మీద ఓ ఇరవై నిమిషాలు చెప్పు" అని మన కార్యదర్శి తమ్ముడు అడిగాడు. సరేనన్నాను. కానీ ఈ పొద్దున కట్ట మీదుగా నడిచి వస్తుంటే మనసు మారింది. తమ్ముడు నన్ను క్షమించాలి. నేను చెరువు గురించి మాట్లాడతాను.

మీరందరూ ఆ కట్ట మీదుగానే వచ్చి ఉంటారు. చాలామంది ఆగి ఫొటోలు కూడా తీసుకున్నారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అప్పుడే వచ్చేశాయి, ఊదారంగు పూలతో, "మన చెరువు ఎంత అందంగా ఉందో" అని రాసి. ఆ పూల పక్కనే ఒక తమ్ముడు వల భుజాన వేసుకుని ఒడ్డున కూర్చుని ఉన్నాడు. తెప్ప దింపడానికి దారి లేదు. నేను చూపు లెక్కనే చెప్తున్నాను, చెరువులో మూడో వంతు నీళ్లు కనపడటం లేదు. ఆ మొక్క గుర్రపుడెక్క.

దాని గురించి చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నలభై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

1984 వానాకాలం. మా సైన్సు సారు, ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్నారు, నీటి మొక్కల పాఠం చెప్తున్నారు. నీళ్ల మీద తేలే మొక్క ఎందుకు తేలుతుందో చూపించాలి, ఎవరైనా తెస్తారా అని అడిగారు. అప్పట్లో మన చెరువులో తామర ఉండేది, కలువ ఉండేది, అంచుల్లో జమ్ము, లోపల నాచు. గుర్రపుడెక్క లేదు. మేం ముగ్గురం సైకిళ్ల మీద పట్నం దాకా వెళ్లి, అక్కడి చెరువులోంచి నాలుగు మొక్కలు గోనెసంచిలో వేసుకుని వచ్చాం. సారు ఆకు కాడను బ్లేడుతో నిలువుగా కోసి, లోపల స్పాంజిలాంటి గాలి అరలు చూపించారు. ఆ పాఠం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నేను ఇంజనీరునయ్యానంటే అలాంటి పాఠాల వల్లే. సారూ, తప్పు మీది కాదు, తర్వాత జరిగింది మీకు తెలియదు.

మిగిలిన మొక్కల్ని బడి వెనక సిమెంటు తొట్టిలో వేశాం. జూలైలో నాలుగు. దసరా సెలవులు వచ్చేసరికి తొట్టి నిండిపోయింది. నీళ్లు తోడుకోవడానికి లేకుండా పోయిందని అటెండరు కేకలేశాడు. మేం చేతుల నిండా ఎత్తి వెనకున్న వాన కాలువలో పారేశాం. పని అయిపోయింది. ఆ కాలువ ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు. రోజూ దాన్ని దూకి బడికొచ్చే వాళ్లం, అయినా ఆలోచించలేదు.

ఈ రోజు చెరువులో ఉన్నదంతా ఆ నాలుగు మొక్కల సంతానమేనా అంటే చెప్పలేను. పై చెరువు మత్తడి దూకినప్పుడు కొట్టుకొచ్చి ఉండొచ్చు, వలలకు చుట్టుకుని వచ్చి ఉండొచ్చు. కానీ మేం పారేసిన మాట నిజం.

ఇప్పుడు ఇంజనీరుగా కొంచెం లెక్క చెప్పనివ్వండి. ఈ మొక్క మనది కాదు, దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానిది. పూల అందం చూసి మనుషులే ఖండాలు దాటించారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ చేరింది, అక్కడి పడవ దారుల్నీ వరి పొలాల్నీ ఎంతగా ముంచేసిందంటే, 1936లో దీని మీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. 1937 ఎన్నికల్లో పార్టీలు దీన్ని తీసేస్తామని వాగ్దానాలు చేశాయి. ఎన్నికలు అయ్యాయి, మొక్క ఉంది.

వేడి ఉండి, మురుగు అందితే రెండు వారాలకు ఒకసారి మొక్కలు రెట్టింపవుతాయి, కొన్నిచోట్ల ఇంకా తొందరగా కూడా. పిల్లలూ, మీరు లెక్క వేయండి. పది మొక్కలు. పదిసార్లు రెట్టింపైతే 10,240. అంటే ఇరవై వారాలు. వానాకాలం మొదట్లో ఒక తట్టలో పట్టేది దీపావళి దాటేసరికి పది వేలు. దట్టంగా పట్టిన చోట ఒక్క ఎకరం మీద వంద టన్నులకు పైగా పచ్చి బరువు ఉంటుంది. అందులో 90 నుంచి 95 శాతం నీళ్లే. పైగా పూసినప్పుడల్లా గింజలు రాలి బురదలోకి దిగుతాయి, పదిహేను ఇరవై ఏళ్ల దాకా అక్కడే బతికి ఉంటాయి. చెరువు నీరు తగ్గి బురదకు ఎండ తగలగానే మొలుస్తాయి. "ఒకసారి తీసేస్తే పీడా పోతుంది" అని ఎవరైనా అంటే వారు ఈ మొక్కతో పని చేయలేదని అర్థం.

కింద ఏం జరుగుతుంది? వెలుతురు లోపలికి పోదు. నీటిలోపలి నాచు, మొక్కలు చస్తాయి. గాలి నీటికి తగలదు. ఆక్సిజన్ పడిపోతుంది, చేప ఊపిరాడక పైకి తేలుతుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు. మామూలు దోమ పిల్ల గాలి కోసం నీటిపైకి రావాలి. మాన్సోనియా అనే దోమ పిల్ల రానక్కర్లేదు, ఈ మొక్క వేళ్లకు గుచ్చుకుని అందులోని గాలే పీలుస్తుంది. అందుకే మందు కొట్టినా కట్ట కింది వాడకు సాయంత్రమయ్యేసరికి దోమల బాధ తప్పదు.

ఇప్పుడు నా రెండో తప్పు. ఇది చిన్నపిల్లవాడు చేసింది కాదు, జీతం తీసుకుంటూ చేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పట్టణ చెరువు శుభ్రం చేసే పనికి ఎస్టిమేటు నేనే రాశాను. ఊరి పేరు అనవసరం. ఎకరాకు ఇంత అని రేటు పెట్టాను. మనుషులు, పుట్టీలు, తాళ్లు, తర్వాత మిషన్లు. అరవై ఎకరాలు తీసేశారు. నీళ్లు కనపడ్డాయి, ఫొటోలు తీశారు, నేను ఎం-బుక్‌లో విస్తీర్ణం రాసి బిల్లు సిఫారసు చేశాను. తీసిన మొక్క ఎక్కడ వేశారు? కట్ట లోపలి వాలు మీద కుప్పలు పోశారు. నా ఎస్టిమేటులో "తీయుట" అని ఉంది, "మోసుకుపోవుట" అని లేదు. మొదటి పెద్ద వానకు కుప్పలో సగం జారి నీళ్లలో పడింది, మిగతాది కుళ్లి దాని సారమంతా చెరువులోకే దిగింది. ఐదు నెలలకు చెరువు మళ్లీ పచ్చగా అయింది. వచ్చే ఏడాది మళ్లీ టెండరు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కాంట్రాక్టరు మోసం చేయలేదు, అతనికి నేను రాసిచ్చిన పనే అతను చేశాడు.

ఆ సంగతి తర్వాత నేను విస్తీర్ణం లెక్క మానేశాను. చెరువు దాటించిన టన్నులకు డబ్బు ఇవ్వాలి, ఆరు నెలల తర్వాత కూడా చెరువు తేటగా ఉంటే మిగతాది ఇవ్వాలి. దీనికి కారణం ఉంది. వంద టన్నుల పచ్చి మొక్కలో ఆరు టన్నుల దాకా ఎండు పదార్థం ఉంటుంది. అందులో నత్రజని నూటికి ఒకటిన్నర పాళ్లు వేసుకున్నా 90 కిలోలు. అంటే నాలుగు బస్తాల యూరియాలో ఉన్నంత. ఎకరం మొక్క తీసి అవతల పడేశామంటే చెరువులోంచి నాలుగు బస్తాల యూరియా బయటికి పోయినట్టు. కట్ట మీదే వదిలామంటే ఆ నాలుగు బస్తాలూ తిరిగి చల్లినట్టు.

మరి మందు కొట్టి చంపవచ్చు కదా అని నన్ను ప్రతి ఊళ్లో అడుగుతారు. కొడితే మొక్క చస్తుంది, చచ్చి మునుగుతుంది. అంత బరువు నీటిలో కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కాస్తా పోతుంది, చేపలు చస్తాయి. పశువులు తాగే నీళ్లు, చాకలి రేవు, కట్ట కింద వరి. మన చెరువులో ఆ పని వద్దే వద్దు.

పురుగుల సంగతి మాత్రం ఆసక్తికరం. నియోకెటినా అనే చిన్న ముక్కు పురుగు ఈ మొక్కను తప్ప మరోదాన్ని తిని బతకదు. 1980ల మొదట్లో దాన్ని మన దేశానికి తెచ్చి బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో వదిలారు, కొన్నిచోట్ల రెండు మూడేళ్లలో బాగా తగ్గింది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1990లలో ఈ మొక్క ఓడరేవుల్నే మూసేసింది. 1995 నుంచి పురుగుల్ని వదిలారు, ఆ దశకం చివరికి చాలావరకు పోయింది. అప్పటి భారీ వానలు, అలలు కూడా సాయం చేశాయి. అయితే చుట్టూ పట్టణాల మురుగు ఆగలేదు కాబట్టి తర్వాత మళ్లీ వచ్చింది. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆ పురుగు నీటిలో ఉన్న వేళ్లకు గూడు కట్టుకుని ప్యూపా దశ గడుపుతుంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులో దాని సంతతి నిలవదు. మురుగు ఎక్కువైన చోట పురుగు తినేదానికంటే మొక్క పెరగడమే ఎక్కువ. కాబట్టి తోడు పనిగా మంచిదే, దాని మీదే భారం వేయలేం.

కొల్లేరు చూసిన వాళ్లకు తెలుసు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి ఎన్నో వచ్చి అందులో పడతాయి, బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. ఆ దారిలో గుర్రపుడెక్క పేరుకుంటే వరద సముద్రానికి చేరడం ఆలస్యమవుతుంది, పైనున్న పొలాలు మునుగుతాయి. మన మత్తడి కూడా అంతే. పోయిన వానాకాలంలో మత్తడి ముందు మొక్క అడ్డం పడి నీరు కట్ట మీదికి ఎగదన్నిందని ఊళ్లో చెప్పారు. ఒక ఇంజనీరుకు నిద్ర పట్టని మాట అది.

చిన్నప్పుడు తూము దగ్గర ఉండే నీరటి తాత మీలో పెద్దవాళ్లకు గుర్తుండాలి. చదువుకోలేదు. ఒకసారి నేను ఇంజనీరింగ్ సీటు వచ్చిన గొప్పతో, చెరువులో ఎన్ని నీళ్లు పడతాయో నీకు తెలుసా తాతా అని అడిగాను. ఆయన నవ్వి, "పిలగా, నీళ్లు ఎక్కడికెళ్లి వస్తున్నయో సూడకుండ చెరువును ఏం సూస్తవురా" అన్నాడు. తర్వాత నాలుగేళ్లు కాలేజీలో పరీవాహక ప్రాంతం అని చదివింది ఆ మాటే. రామప్ప, పాకాల, లక్నవరం కట్టిన కాకతీయుల కాలం వాళ్లకు ఈ సంగతి తెలుసు. గుట్ట చూసి, వాగు చూసి, ఒక చెరువు మత్తడి కింద ఇంకో చెరువు గొలుసుకట్టుగా పెట్టారు. మిషన్ కాకతీయలో 2015 నుంచి చెరువుల పూడిక తీశారు, మంచి పని, నేనూ అందులో పనిచేశాను. కానీ నిజం చెప్పాలంటే మేం ఎక్కువగా చూసింది కట్ట లోపలే. చెరువు పైన ఏముందో చూసే తీరిక మాకు లేదు.

మన చెరువు పైన ఏముంది? 1984లో గుట్ట, జొన్న చేన్లు, పశువుల బీడు. ఎండాకాలం చెరువు ఎండేది, ఎండినప్పుడు గుర్రపుడెక్క కూడా ఎండి చచ్చేది. అందుకే మేం పారేసిన తర్వాత ఇరవై ఏళ్ల దాకా అదొక మూలన ఉండిపోయింది. ఇప్పుడు ఎస్సారెస్పీ కాలువ నీళ్లు వస్తున్నాయి, వేసవిలోనూ చెరువులో నీరుంటుంది. రైతుకు సంతోషం, నాకూ సంతోషం, మొక్కకూ సంతోషం. దానికి తోడు పైన కొత్త కాలనీ వచ్చింది, దాని మోరీలన్నీ వాన కాలువలో కలిశాయి. ఇంకా ఒకటి ఉంది. అది చెప్పడానికే ఈ ఉపన్యాసం.

నిన్న సాయంత్రం నేను, ఇద్దరు క్లాసుమేట్లు బడి వెనక గోడ దాటి ఆ పాత కాలువ వెంట నడిచాం. మన వసతి గృహం సెప్టిక్ ట్యాంకు నిండి పొంగుతోంది. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు కూడా అదే దారిలో. 120 మంది పిల్లలు. మనిషికి 80 లీటర్లు వేసుకున్నా రోజుకు 9,600 లీటర్లు. అంతా నేరుగా మేం మొక్కలు పారేసిన ఆ కాలువలోకే. మనం కాలనీ వాళ్లను తిట్టేముందు మన గోడ కింద చూసుకోవాలి. ప్రధానోపాధ్యాయుల వారిని నేను తప్పుపట్టడం లేదు, ఆయన మూడుసార్లు పైకి రాశానని చెప్పారు, కాగితాలు చూపించారు.

సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించి, పక్కన ఒక సెటిలింగ్ ట్యాంకు కట్టి, ఆ నీటిని కంకర నింపిన మడి గుండా మెల్లగా పంపాలి. మడిలో మెట్టతామర, జమ్ము నాటాలి. వేళ్ల మధ్య సూక్ష్మజీవులు మురుగును తింటాయి, మొక్కలు నత్రజనిని, భాస్వరాన్ని కొంత లాగేస్తాయి. కరెంటు అక్కర్లేదు. మనిషికి ఒకటి, ఒకటిన్నర చదరపు మీటర్లు వేసుకుంటే వాలీబాల్ కోర్టంత స్థలం సరిపోతుంది. ఆ స్థలం వెనక ఉంది. డ్రాయింగు నేను గీసిస్తాను, పని దగ్గర నిలబడతాను, ఫీజు అడగను.

డబ్బు సంగతి. స్వర్ణోత్సవం గుర్తుగా గేటుకు కమాను కట్టాలని మనం చందాలు పోగుచేశాం. నేనూ ఇచ్చాను. కమాను నమూనా బాగుంది, దాని మీద బ్యాచుల పేర్లు ఉంటాయని కొందరికి ఆశ ఉందని నాకు తెలుసు. ఆ డబ్బు ముందు ఈ పనికి పెట్టమని అడుగుతున్నాను. నిన్న రాత్రి ఈ మాట అన్నందుకు మా బ్యాచ్‌లోనే ఒకడు నాతో మాట్లాడటం మానేశాడు. "స్వర్ణోత్సవానికి మోరీ కట్టామని చెప్పుకోవాలా" అన్నాడు. అతని బాధ అర్థమైంది. కార్యవర్గం ఏది నిర్ణయిస్తే అది. కమానే అంటే నేను ఇచ్చిన చందా వెనక్కి అడగను, కానీ వచ్చే ఏడాది మళ్లీ ఈ మాటే అడుగుతాను.

ఇక బడిలో చేయాల్సింది ఉపాధ్యాయుల చేతిలో ఉంది. 1994లో మన తెలంగాణవారే అయిన ఆర్థికవేత్త సీహెచ్. హనుమంతరావు గారి కమిటీ చెప్పిన దాన్నిబట్టి దేశమంతా వాటర్‌షెడ్ పనులకు మార్గదర్శకాలు వచ్చాయి. గుట్ట నుంచి కిందికి, సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్‌గా, ఊరి జనమే కూర్చుని ప్లాను వేసుకోవాలని. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా అందులోవే, రైతులే వాన కొలిచి, బావుల నీటిమట్టం కొలిచి, గోడ మీద రాసుకుని, ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. అక్షరాలు రాని వాళ్లు కూడా టేపు పట్టి కొలిచారు. మన తొమ్మిదో తరగతి పిల్లలకు అది పెద్ద కష్టమేం కాదు.

వాన కొలవడానికి ఒక నిలువు సీసా, స్కేలు చాలు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఈ పాత భవనం కప్పు 300 చదరపు మీటర్లు అనుకుంటే 20 మిల్లీమీటర్ల వానకు 6,000 లీటర్లు. అది ఎటు పోయిందో గొడుగు పట్టుకుని వెంట నడిచి చూడాలి. వాన వెలిశాక పాఠం చెప్తే లాభం లేదు, వాన పడుతున్నప్పుడే పోవాలి. తడుస్తారని తల్లులు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. నీటి తేటదనం కొలవడానికి 1865లో ఇటలీ శాస్త్రవేత్త సెక్కీ వాడిన పద్ధతి ఉంది. స్టీలు పళ్లేనికి నలుపు తెలుపు రంగులు వేసి తాడుతో దింపుతూ, ఎంత లోతున కనపడకుండా పోతుందో రాసుకోవడమే. ఇంట్లో పాత పళ్లెం ఒకటి పోతుంది, అంతే ఖర్చు. పెద్దవాళ్లు తోడు లేకుండా పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

మొక్క తీసే పని పిల్లలది కాదు, అది మత్స్యకార సంఘం వాళ్లు కూలి తీసుకుని చేయాల్సిన పని. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గినప్పుడు మొదలుపెట్టాలి. ముందు పెద్ద దుప్పటి జోలికి పోకుండా, విడిగా తేలుతున్న చిన్న గుంపులు తీసేయాలి, కొత్త చోట్లకు పాకేవి అవే. కాలువ చెరువులో కలిసే చోట తాడుకు ఖాళీ డ్రమ్ములు కట్టి అడ్డం వేస్తే పైనుంచి వచ్చేది అక్కడే ఆగుతుంది. తీసింది ఎండబెట్టి, పేడతో కలిపి కంపోస్టు చేయవచ్చు, కుప్ప బాగా వేడెక్కితే గింజలు కూడా చస్తాయి. మన చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్లు రావు కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. ఫ్యాక్టరీ మురుగు కలిసే చెరువుల్లో దీని వేళ్లు సీసం, కాడ్మియం లాంటివి పీల్చి పెట్టుకుంటాయి, ఆ ఎరువు కూరగాయలకు పనికిరాదు. ఇంకో మాట, తామర, కలువ, జమ్ము తీయవద్దు. అవి మనవి. పిల్లలకు ముందు నేర్పాల్సింది ఏది మనదో, ఏది వచ్చి పడిందో గుర్తుపట్టడం.

నాకిచ్చిన సమయం దాటిపోయింది, కార్యదర్శి తమ్ముడు గడియారం చూస్తున్నాడు. రేపు ఆదివారం. భోజనాల బస్సు పదకొండింటికి కదా, అంతకు ముందు తీరిక ఉన్న వాళ్లు పొద్దున ఆరున్నరకు బడి వెనక గోడ దగ్గరికి రండి. కాలువ వెంట చెరువు దాకా నడుద్దాం, కిలోమీటరున్నర ఉంటుంది. పాత చెప్పులు వేసుకోండి, బురద ఉంది. టేపు, నోటుబుక్కు నేను తెస్తాను. సైన్సు సారు వస్తానన్నారు, ఆయన కోసం ఎవరైనా ఒక కారు మత్తడి దగ్గర పెట్టాలి.